లైవ్ రాక్, పాత ఆర్‌పీజీలు: రుచి తెలియాలంటే ముందు ఏం తెలియాలి?

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ఒకసారి చెప్పి మొదలుపెడతాను. స్టూడియోలో రికార్డయిన రాక్ పాటలు మీకు ఇష్టమే గానీ, అవే పాటల లైవ్ రికార్డింగులు వింటే గజిబిజిగా, సాగదీసినట్టుగా అనిపిస్తున్నాయి. త్వరలో మొదటిసారి ఒక పెద్ద కచేరీకి వెళ్లబోతున్నారు, అక్కడి మోత గురించి కొంత బెరుకుగా ఉంది. స్నేహితులు ఆకాశానికెత్తిన బాల్డర్స్ గేట్ అనే పాత ఆర్‌పీజీ (ఒక పాత్రను పోషిస్తూ ఆడే కంప్యూటర్ ఆట) మొదలుపెడితే గంట తిరక్కుండానే మీ పాత్ర పదేపదే చచ్చిపోయింది, విసుగొచ్చి ఆట మూసేశారు. చివర్లో, ఆటలోని సంగీతం ఆపేసి రాక్ పెట్టుకుని ఆడితే ఎలా ఉంటుందని అడిగారు.

చాలా ఏళ్లుగా ఈ రెండు సరదాలతోనూ కాలక్షేపం చేస్తున్న నాకు తోచేదేమిటంటే, లైవ్ రికార్డింగుతో మీకు వచ్చిన ఇబ్బంది, పాత ఆర్‌పీజీతో వచ్చిన ఇబ్బంది ఒకే చోట పుట్టాయి. రెండింటిలోనూ కొంత భాగం ముందే స్థిరపడి ఉంటుంది, మిగతాది ఆ పూటకు ఆ పూట జరుగుతుంది. పాటలో రిఫ్ (పదేపదే వచ్చే చిన్న స్వరాల ముక్క), చరణాల వరుస, తాళం స్థిరంగా ఉంటాయి, వాయించేవాళ్లు ఆ రాత్రి దాన్ని ఎటు తీసుకెళతారో ఎవరికీ తెలియదు. ఆటలో పాచికల నియమాలు స్థిరంగా ఉంటాయి, ఆ పాచిక ఎలా పడుతుందో, పడ్డాక మీరేం చేస్తారో అప్పటికప్పుడు తేలుతుంది. స్థిరమైన భాగం తెలియనివాళ్లకు రెండో భాగంలో జరిగేది పట్టుబడదు. పాటలో అది రొదలాగా, ఆటలో అన్యాయంలాగా తోస్తుంది.

సంగీతం సంగతి ముందు చూద్దాం. డీప్ పర్పుల్ బృందం 1972 ఆగస్టులో ఒసాకా, టోక్యో నగరాల్లో ఇచ్చిన కచేరీల నుంచి ఏరి కూర్చిన ‘మేడ్ ఇన్ జపాన్’ను మించిన పాఠం నాకు తెలియదు. అందులో చివరిగా వచ్చే ‘స్పేస్ ట్రకిన్’ స్టూడియోలో నాలుగున్నర నిమిషాల పాట. ఇక్కడ అది దాదాపు 20 నిమిషాలు నడుస్తుంది. అసలు పాట తెలియకుండా నేరుగా ఈ 20 నిమిషాలు విన్నవాళ్లకు, మాటలు అయిపోయాక పాట ఎటో తప్పిపోయినట్టు అనిపించడంలో వింతేమీ లేదు. అసలు పాట నోటికి వచ్చినవాళ్లకైతే, ముగియాల్సిన చోట అది ముగియలేదన్న సంగతి ఆ క్షణంలోనే తెలిసిపోతుంది, అక్కడి నుంచి జాన్ లార్డ్ ఆర్గన్ మీద ఏం వెతుకుతున్నాడు, ఇయాన్ పెయిస్ డ్రమ్స్‌తో దాన్ని ఎక్కడ అందుకుంటున్నాడు అని చెవి తనంతట తానే వెంటబడుతుంది. లార్డ్ తన హామండ్ ఆర్గన్‌ను గిటారిస్టులు వాడే మార్షల్ యాంప్లిఫయర్ల గుండా పంపేవాడు. అందుకే అది చర్చి ఆర్గన్‌లా మృదువుగా మోగకుండా గిటార్‌లా గరగరలాడుతుంది. అదే ఆల్బమ్‌లో ‘స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ ఉమన్’ మధ్యలో రిచీ బ్లాక్‌మోర్ గిటార్ మీద ఒక ముక్క వాయించడం, ఇయాన్ గిల్లన్ దాన్ని గొంతుతో తిప్పి అప్పజెప్పడం, గొంతుకు అందని చోటికి గిటార్ ఎక్కిపోవడానికి చూడడం, గొంతు అక్కడికీ వెంటపడడం వినిపిస్తాయి. స్టూడియో పాటలో ఈ జగడం లేదు. లేదని తెలిస్తేనే ఇది జగడంగా వినిపిస్తుంది.

ఇంకో పాటతో మీరే ఒక పరీక్ష చేసుకోవచ్చు. ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్ వారి ‘విప్పింగ్ పోస్ట్’ 1969 నాటి మొదటి ఆల్బమ్‌లో ఐదు నిమిషాల చిల్లర ఉంటుంది; 1971 మార్చిలో న్యూయార్క్‌లోని ఫిల్‌మోర్ ఈస్ట్ హాలులో రికార్డు చేసినది దాదాపు 23 నిమిషాలు ఉంటుంది. రెండూ బేస్ గిటార్‌తోనే మొదలవుతాయి. ఆ బేస్ వెంట వేళ్ల మీద లెక్కపెట్టండి: ఒకటి రెండు మూడు, ఒకటి రెండు మూడు, ఒకటి రెండు మూడు, ఒకటి రెండు. మొత్తం పదకొండు. చివరి ముక్కలో ఒక దెబ్బ తగ్గడం వల్ల ఆవర్తం పూర్తయ్యే ప్రతిసారీ పాట ముందుకు తూలినట్టవుతుంది, ఆ పాటలోని ఆత్రమంతా ఆ తగ్గిన దెబ్బలోనే ఉంది. గానం మొదలయ్యాక నడక సాఫీగా మూడేసి దెబ్బల్లోకి మారిపోతుంది. ఈ లెక్క ఒంటబట్టేదాకా చిన్న పాటనే నాలుగైదు రోజులు వినండి. ఆ తర్వాత పెద్దది పెట్టుకుంటే, మధ్యలో ఒకచోట బృందమంతా తాళాన్ని దాదాపు గాలికి వదిలేసి, దాదాపు నిశ్శబ్దంలోకి జారి, మళ్లీ ఒకరినొకరు వింటూ తాళంలోకి రావడం మీకు స్పష్టంగా తెలుస్తుంది. వినేటప్పుడు చేతిలో వేరే పని ఉండకూడదు. ఇది నేపథ్యంలో మోగడానికి పనికొచ్చే సంగీతం కాదు. ఒకసారి మొత్తాన్ని వినడం కంటే ఒక్కో విడతలో ఒక్క వాద్యాన్నే పట్టుకుని వెళ్లడం మేలు, అందులోనూ గిటార్‌ను వదిలేసి బేస్‌తో మొదలుపెట్టడం మేలు. మనోధర్మం ఎంత దూరం వెళ్లినా దానికి ఇల్లెక్కడో గుర్తుచేసేది సాధారణంగా బేసే.

అలాగని పొడవు ఉన్నంత మాత్రాన గొప్పదనం ఉందని నేను అనను. డెబ్భైల నాటి లైవ్ ఆల్బమ్‌లలో డ్రమ్ సోలోలు చాలావరకు ఆ రాత్రి ఆ హాలులో ఉన్నవాళ్లకే చెల్లుతాయి, ఇంట్లో వాటిని దాటేసినందుకు నాకు ఎప్పుడూ చింత లేదు. లైవ్ అన్న ముద్ర ఉన్నంత మాత్రాన ప్రతి స్వరమూ ఆ వేదిక మీదిదే అనుకోనక్కర్లేదు కూడా. గొంతులో జీరనో, తప్పిన స్వరాన్నో తర్వాత స్టూడియోలో సరిదిద్దిన లైవ్ ఆల్బమ్‌లు ఎన్నో ఉన్నాయి. దీనికి అవతలి కొసలో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ రాక్ బృందం వాళ్లు ఉన్నారు. ఏ రెండు రాత్రులూ ఒకేలా వాయించకపోవడం వాళ్ల పద్ధతి. శ్రోతలు రికార్డు చేసుకోవడాన్ని సహించడమే కాదు, 1984 నుంచి అలాంటివారికి సౌండ్ ఇంజినీరు వెనక ప్రత్యేకంగా చోటు కేటాయించారు. ఒకే పాటకు పదుల కొద్దీ రికార్డింగులు పోగుచేసి పోల్చుకునే శ్రోతలు అలా తయారయ్యారు. వాళ్లను చూసి ఇదేం పిచ్చి అనుకునేవారు, ఒక్క పాటకు మూడు రాత్రుల రికార్డింగులు వరసగా వింటే ఆ మాట వెనక్కి తీసుకుంటారు.

ఇక మీరు వెళ్లబోయే కచేరీ. చెవుల గురించి మీ బెరుకు న్యాయమైనదే, దాన్ని పిరికితనం అనుకోకండి. పనిచేసే చోట్ల వినికిడి రక్షణకు అమెరికాలోని నియాష్ (NIOSH) అనే ప్రభుత్వ సంస్థ సిఫారసు చేసే హద్దు 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు; ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి సగం తగ్గుతుంది. లెక్క వేసుకుంటే 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంట మాత్రమే మిగులుతుంది. రాక్ కచేరీల్లో 100 దాటడం మామూలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వినోద వేదికల కోసం ప్రకటించిన ప్రమాణం కూడా పావుగంట సగటు 100 డెసిబెల్స్ మించరాదని చెబుతుంది. కాబట్టి ఇయర్‌ప్లగ్‌లు తప్పనిసరి. మెత్తటి ఫోమ్ ప్లగ్‌లు చెవిని బాగానే కాపాడతాయి గానీ పై స్థాయి స్వరాలను ఎక్కువగా, కింది స్వరాలను తక్కువగా కోసేస్తాయి కనుక సింబల్స్ (డ్రమ్స్‌తో ఉండే పళ్లేల్లాంటి తాళాలు), గాత్రం దుప్పటి కప్పుకున్నట్టు వినిపిస్తాయి. సంగీతకారుల కోసం చేసే ప్లగ్‌లు అన్ని స్థాయిలనూ ఇంచుమించు సమానంగా తగ్గిస్తాయి. అవి పెట్టుకుంటే అదే సంగీతం తక్కువ శబ్దంతో, చాలాసార్లు మరింత స్పష్టంగా వినిపిస్తుంది. మొదటి పాటకు ముందే పెట్టుకోండి. కచేరీ అయ్యాక చెవుల్లో గుయ్యిమనే మోత ఉంటే, అది మంచి రాత్రికి గుర్తు అని కొందరు సరదాగా అంటారు, నిజానికి అది చెవి దెబ్బతిన్నదనడానికి గుర్తు.

నిలబడే చోటు విషయంలో నా సలహా ఒక్కటే: శబ్దాన్ని కలిపే ఇంజినీరు బల్ల ఎక్కడుందో చూసి, దానికి కాస్త ముందు గానీ పక్కన గానీ చేరండి. ఆ రాత్రి శబ్దాన్నంతా అతను తన చెవికి ఎలా వినిపిస్తే బాగుంటుందో అలా సరిచేస్తాడు కనుక, అతనికి వినిపించేదే మీకూ వినిపించాలి. వేదిక అంచున నిలబడితే మనుషులు దగ్గరగా కనిపిస్తారు గానీ, పైన వేలాడే స్పీకర్లు మీ తల మీదుగా దాటిపోయి, గాయకుడి గొంతు కంటే డ్రమ్స్, గిటార్ యాంప్లిఫయర్లే ముందు వినిపిస్తాయి. మరీ వెనక్కి వెళితే ఇంకో చిక్కు ఉంది. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది, అంటే 100 మీటర్ల అవతల డ్రమ్మర్ చెయ్యి కిందికి దిగిన సుమారు 0.3 సెకన్ల తర్వాత గానీ దెబ్బ వినపడదు. తెర మీద చూస్తూ వింటే ఈ తేడా చికాకు పెడుతుంది. మొదటి రెండు పాటలు కాస్త అలుక్కుపోయినట్టు వినిపిస్తే నిరాశపడకండి. ఖాళీ హాలులో సరిచూసుకున్న శబ్దం జనం నిండాక మారిపోతుంది, ఇంజినీరుకు సర్దుకోవడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి.

ఇక్కడొక పిట్టకథ చెప్పకుండా ఉండలేను. 1974లో గ్రేట్‌ఫుల్ డెడ్ వాడిన ‘వాల్ ఆఫ్ సౌండ్’లో ఆరు వందలకు పైగా స్పీకర్లను వాద్యకారుల వెనక గోడలా పేర్చారు, శ్రోతలు వినేదే వాళ్లూ వినాలన్నది ఉద్దేశం. స్పీకర్లు వెనకుంటే ఆ శబ్దం మైకులోకి దూరి కీచుమనాలి. అందుకని ఒక్కో గాయకుడికి రెండేసి మైకులు వ్యతిరేక దశలో కలిపి పెట్టి, ఒకదానిలోనే పాడించారు. రెండింటిలోకీ సమానంగా వచ్చే గోడ శబ్దం దానికదే కొట్టుకుపోయి, ఒకదానిలోకే వెళ్లే గొంతు మాత్రం మిగిలేది. ఆ ఏర్పాటును ఊరూరా మోసుకు తిరగడం భరించలేక ఆ ఏడాదితోనే ఆపేశారు.

కచేరీలో వాయించబోయే పాటల జాబితా ముందే వెతుక్కోవాలా అంటే, వద్దనే అంటాను. బృందం ఆల్బమ్‌లు బాగా విని వెళ్లండి, పాటల వరుస మాత్రం తెలియకుండా వెళ్లండి. స్థిరమైనది ఇంట్లోనే నేర్చుకుని, జరగబోయేదాన్ని జరగనివ్వాలి. ఈ మాటే ఆటలకూ వర్తిస్తుంది.

బాల్డర్స్ గేట్ 1998లో వచ్చింది. అప్పటి ఆటగాళ్లు పెట్టెలో వచ్చిన మాన్యువల్ చదివి కూర్చునేవారు, ఆట కూడా వాళ్లు చదివే ఉంటారన్న ధీమాతో తయారైంది. లోపల నడిచేది డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాచికల ఆట రెండో కూర్పు నియమావళి, ఇప్పుడు డిజిటల్‌గా కొన్నవాళ్లు ఆ పుస్తకం తెరవనే తెరవరు. అందులో అందరినీ తికమకపెట్టేది థాకో అనే అంకె. ఆర్మర్ క్లాస్ (రక్షణ ఎంత గట్టిదో చెప్పే అంకె) సున్నా ఉన్న శత్రువుకు దెబ్బ తగలాలంటే ఇరవై ముఖాల పాచిక మీద ఎంత పడాలో ఆ అంకె చెబుతుంది. థాకోలోంచి శత్రువు ఆర్మర్ క్లాస్ తీసేస్తే మీకు పడాల్సిన సంఖ్య వస్తుంది, మీ థాకో, మీ ఆర్మర్ క్లాస్ రెండూ ఎంత తగ్గితే మీకు అంత మంచిది. మొదటి స్థాయి యోధుడి థాకో 20, ఎదుటివాడి ఆర్మర్ క్లాస్ 4 అనుకుంటే 16 లేదా అంతకు పైన పడాలి, అంటే ఇరవైలో ఐదు ముఖాలు, నాలుగు దెబ్బల్లో ఒకటే తగులుతుంది. మూడో స్థాయికి థాకో 18 అయ్యాక 14 చాలు, అప్పుడది వందకు 35. మీ యోధుడు గాలిలో కత్తి తిప్పుతున్నట్టు అనిపించడానికి కారణం ఇదే. ఆయుధానికి ఒక్క ప్లస్ (+1) కలిస్తే వందకు ఐదు పెరుగుతుందని తెలిస్తే, ఆ ఆటలో మంత్రించిన కత్తి దొరికినప్పుడు కలిగే సంబరం కూడా అర్థమవుతుంది.

మీరు బహుశా ఫ్రెండ్లీ ఆర్మ్ సత్రం మెట్ల మీద చచ్చి ఉంటారు. అక్కడ ఒక మాంత్రికుడు మర్యాదగా పలకరించి, మీరెవరో తెలియగానే చంపడానికి దిగుతాడు. ముందు తన చుట్టూ ప్రతిబింబాలు సృష్టించుకుంటాడు, మీ బాణాలు వాటికి తగిలి వృథా అవుతాయి. తర్వాత భయమంత్రం వేస్తాడు, మీ వాళ్లు మీ మాట వినకుండా చెల్లాచెదురుగా పరుగెడతారు. చేతిలో అయిదారు హిట్ పాయింట్లు (ప్రాణశక్తి లెక్క) మాత్రమే ఉన్న మీ పాత్ర కథ అక్కడితో సరి. అయితే ఆ నియమావళిలో మంత్రం జపించేటప్పుడు దెబ్బ తగిలితే మంత్రం చెడిపోతుంది. అతను ఎదురుపడగానే స్పేస్ బార్ నొక్కి ఆట ఆపండి. అందరినీ ఒకేచోట ఉంచకుండా దూరదూరంగా నిలపండి, అందరి చేతికీ విల్లో వడిసెలో ఇవ్వండి. మీ దగ్గర మ్యాజిక్ మిసైల్ మంత్రం ఉంటే దాన్ని వెంటనే వేసేయకుండా, భయమంత్రం జపం మొదలయ్యే క్షణం కోసం దాచుకోండి. అదే పోరు రెండోసారి ఆడితే, అన్యాయమనిపించినది సమయం చూసుకుని కొట్టాల్సిన దెబ్బగా మారుతుంది. సెట్టింగుల్లో, శత్రువు కనిపించగానే, మీ పాత్రకు గాయం ముదరగానే ఆట దానంతటదే ఆగేలా ఆటో పాజ్ పెట్టుకోండి. మొదటి రెండు స్థాయిల దాకా దగ్గరి పోరు మానేసి విల్లులతోనే నెట్టుకురండి, విల్లు ఒక రౌండ్‌కు రెండు బాణాలు వేస్తుంది. చిన్న శత్రువులు గుంపుగా వస్తే నిద్ర మంత్రం ఒక్కటే ఆ గుంపును పడుకోబెడుతుంది.

ఇంత చెప్పినా ఈ పోరాటాలు మీకు పట్టకపోతే, వేరే తలుపులు ఉన్నాయి. 1997 నాటి ఫాలవుట్ వంతుల వారీగా నడుస్తుంది, తొందరపెట్టదు, నియమాలన్నీ తెర మీదే కనిపిస్తాయి. మీ సొరంగ నివాసంలో నీటిని శుద్ధిచేసే యంత్రానికి కావాల్సిన చిప్ తేవడానికి 150 రోజుల గడువు మాత్రం ఉంటుంది. చురుకుదనానికి పాయింట్లు బాగా పెట్టండి, వంతుకు ఎన్ని పనులు చేయగలరో అదే నిర్ణయిస్తుంది. ఒకసారి పూర్తిచేశాక తెలివి అట్టడుగున ఉన్న పాత్రతో ఇంకోసారి మొదలుపెట్టి చూడండి, సంభాషణల్లో మీ నోట మూలుగులు తప్ప మాట రాదు, లోకమంతా మిమ్మల్ని చూసే తీరే మారిపోతుంది. చదవడం ఇష్టమైతే 1999 నాటి ప్లేన్‌స్కేప్: టార్మెంట్‌కు సాటి లేదు. అందులో మీ పాత్ర శవాగారంలో గతం మరిచి లేస్తుంది, చచ్చినా చాలాసార్లు మళ్లీ లేస్తుంది కాబట్టి మరణ భయం తక్కువ. విజ్ఞత, తెలివి, ఆకర్షణలకే పాయింట్లు పెట్టండి, అక్కడ అసలు సంపద సంభాషణల్లో ఉంది, కత్తియుద్ధం నిజంగానే నీరసంగా ఉంటుంది. 1981 నాటి విజార్డ్రీతో మాత్రం ఇప్పుడే తలపడకండి. ఇరవై గళ్లకు ఇరవై గళ్ల చొప్పున పది అంతస్తుల నేలమాళిగ, పటం మీరే గళ్ల కాగితం మీద గీసుకోవాలి, చచ్చినవాళ్ల సంగతి డిస్కులో వెంటనే నమోదైపోతుంది.

మార్గదర్శి చూసి ఆడటం గురించి మీరు అడగలేదు గానీ, ఎలాగూ ఆ ఆలోచన వస్తుంది. నియమాలు, మంత్రాలు, ఆయుధాల గురించి ఎంతైనా చదవండి, కథ గురించి, దాచిన వస్తువుల గురించి చదవకండి. 1988 నాటి పూల్ ఆఫ్ రేడియెన్స్‌తో వచ్చిన చిన్న పుస్తకంలో కథ ముక్కలకు అంకెలు వేసి ఉండేవి, ఆట చెప్పినప్పుడే ఆ అంకె దగ్గర చదవాలి. ముందుగా తిరగేసే ఆత్రగాళ్ల కోసం వాటి మధ్య అబద్ధపు ముక్కలు కూడా ఇరికించారు. అంతకు మించిన హెచ్చరిక నేను ఇవ్వలేను. పాచిక కలిసిరాని ప్రతిసారీ పాత సేవ్‌కు (ముందు భద్రపరచుకున్న చోటికి) పోవడం కూడా ఇలాంటిదే. బృందమంతా పోతే వెనక్కి వెళ్లండి, ఒక దొంగతనం విఫలమైతే, ఒక బేరం చెడితే ఆ ఫలితంతోనే ముందుకు వెళ్లండి.

చివరిగా, ఆటలో సంగీతం ఆపి రాక్ పెట్టుకోవడం. బాల్డర్స్ గేట్‌లో ఆపకండి. దానికి సంగీతం కూర్చిన మైఖేల్ హోనిగ్ డెబ్భైల్లో బెర్లిన్‌లోని అజిటేషన్ ఫ్రీ అనే రాక్ బృందంలో పనిచేసినవాడు, 1975లో కొన్నాళ్లు టాంజరీన్ డ్రీమ్ అనే మరో బృందంతోనూ వాయించాడు, కాబట్టి మీరు ఆపబోయేది కూడా ఒక రకంగా ఆ వంశం నుంచి వచ్చినదే. ఫాలవుట్, టార్మెంట్‌లలో మార్క్ మోర్గన్ సంగీతం ఆ చోట్ల గాలిలా పనిచేస్తుంది, అది తీసేస్తే ఎడారీ నగరమూ బోసిపోతాయి. ఆర్కేనమ్ అనే మరో పాత ఆర్‌పీజీలో వినిపించే తీగవాద్యాల చతుష్టయాన్ని కూడా అలాగే ఉండనివ్వండి. పూల్ ఆఫ్ రేడియెన్స్ లాంటి ఎనభైల ఆటల్లో వినడానికి పెద్దగా ఏమీ ఉండదు, వంతుల వారీ పోరాటాలు నింపాదిగా సాగుతాయి, అక్కడ మీ ఇష్టం. అప్పుడు కూడా మాటలున్న పాటలు తెర మీది చదువుకు అడ్డుపడతాయి, మాటలు తక్కువగా ఉండే పొడవాటి లైవ్ రికార్డింగులు పెట్టుకోండి. మీకు ఇంకా కొత్తగా ఉన్న రికార్డింగును మాత్రం ఆట పక్కన పెట్టకండి, దాన్ని ముందు విడిగా విని, బేస్ నడక తెలిశాకే అక్కడికి తెండి.